చండిక గొడ్డలి, బుల్‌బుల్ విల్లు

1 సెప్టెంబరు 97, సోమ

కోట ఆట శనివారంతో అయిపోయింది. ఏడు తలుపులూ దాటాం. మూడు నెలల మధ్యాహ్నాలు... పిల్లలు అన్నాలకు పోయాక, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, మధుకర్ సార్ మేడమీద ఇంట్లో కునుకు తీస్తుంటే, కింద ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరదాలు దించుకుని షహనాజ్, నేనూ. కలర్ మానిటర్ ఉన్న మిషన్ ఒక్కటే. అందులో ఒక్కటే వీరుడు, చేతులు ఇద్దరివి. కీలు ఆమె నొక్కేది. తెరమీద వచ్చే ఇంగ్లీషు నేను చదివి చెప్పేదాన్ని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం కదా ఆమెది. నాలాగే ఇక్కడ పాఠాలు చెబుతుంది గానీ ఇంగ్లీషు వాక్యం కాస్త పొడుగైతే నా మొహం చూస్తుంది.

ఇవాళ మళ్ళీ ఆట తెరిస్తే తెర మీద కొత్త వరుస ఒకటి కనిపించింది — 'కఠినం'. ఒకసారి గెలిచినవాళ్ళకే తెరుచుకుంటుందట. శత్రువులకు రెండింతల బలం. మందులు సగం. ఆయుధాలు అరిగిపోతాయి. చస్తే ఆ తలుపు మొదటికి. ఒకసారి ఇచ్చిన పాయింట్లు వెనక్కి తీసుకోవడానికి లేదు. చదివి చెప్పాను.

"ఈసారి ఎవరిది వాళ్ళు ఆడుదమా?" — నేనే అన్నాను. ఆమె అనలేదు. ఇది రాసిపెట్టుకోవాలి.

2 సెప్టెంబరు, మంగళ

వీరుల్ని తయారు చేసుకున్నాం. చెరో ఇరవై అయిదు పాయింట్లు. బలం, ఓర్పు, ఒడుపు, తెలివి, మాట — ఈ అయిదింటికీ పంచాలి.

నాది చండిక. బలం పది, ఓర్పు తొమ్మిది, ఒడుపు మూడు, తెలివి రెండు, మాట ఒకటి. ఆయుధం గొడ్డలి — రెండు చేతులా పట్టుకునేది, ఆటలో దాన్ని మించిన దెబ్బ లేదు. ఒంటికి ఇనుప కవచం. విద్యల్లో 'గొడ్డలి ప్రావీణ్యం', 'నొప్పి తెలియకపోవడం'. నిన్న రాత్రి కాగితం మీద లెక్కలు వేసి మరీ పెట్టాను. శత్రువు రెండింతలైతే మనమూ రెండింతలు కావాలి. అంతే కదా.

ఆమె వీరురాలి పేరు బుల్‌బుల్. బలం మూడు. మాటకు ఏడు. ఒడుపుకు ఎనిమిది. ఆయుధం మామూలు విల్లు, పక్కన ఒక కర్ర. కవచం లేదు, దుప్పటి లాంటి గుడ్డ. విద్యలు — 'నక్కి నడవడం', 'తాళం తీయడం'.

"యుద్ధానికి పోతున్నవా, దొంగతనానికి పోతున్నవా?" అన్నాను.

"కొట్లాడుడు నాకు రాదే. తప్పించుకునుడు వస్తది" అంది.

కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

4 సెప్టెంబరు

చెరో నలభై అయిదు నిమిషాలు. ఒకరు ఆడుతుంటే ఒకరు చూడడం. ఫ్లాపీలు కూడా వేరు — ఆట సీడీలో ఉంది, ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు, కానీ శనివారం శనివారం సార్ హార్డ్ డిస్కులు తుడిచేస్తారు. అందుకని మా వీరులు ఫ్లాపీల్లో ఉంటారు. నేను రెండు కాపీలు పెట్టుకుంటాను. ఆమెది ఒక్కటే. రెండోది పెట్టుకొమ్మని చెప్పాలి.

చండిక మొదటి తలుపు దగ్గర నలుగురిని నరికింది. అయిదోవాడి చేతిలో చచ్చింది.

5 సెప్టెంబరు

మళ్ళీ చచ్చింది. రెండుసార్లు.

8 సెప్టెంబరు, సోమ

షహనాజ్ మొదటి తలుపు దాటింది. ఎట్లా దాటిందో రాస్తే నాకే నవ్వు వస్తుంది, ఏడుపూ వస్తుంది. కావలివాడితో మాట్లాడింది. పోయినసారి మేం వాణ్ణి చూడగానే పొడిచేశాం కాబట్టి వాడు మాట్లాడతాడనే మాకు తెలియదు. మాటకు ఏడు పాయింట్లు ఉన్నాయి కదా, వాడు నోరు తెరిచాడు. వాడికి పంటినొప్పి. లవంగం లాంటిదేదో తెచ్చి ఇచ్చింది. తాళంచెవి ఇచ్చేశాడు.

వాడు మాట్లాడిన ఇంగ్లీషంతా చదివి అర్థం చెప్పింది నేను. నేను లేకపోతే వాడికి పంటినొప్పో కడుపునొప్పో కూడా తెలిసేది కాదు ఆమెకు.

11 సెప్టెంబరు

చండిక మొదటి తలుపు దాటింది ఎట్టకేలకు. పదకొండుమందిని చంపి. గొడ్డలి సగం అరిగింది. షహనాజ్ చప్పట్లు కొట్టింది. తను అప్పటికే దిగువ వాగు, రెండో తలుపు కూడా దాటేసింది... అందుకని కొట్టగలిగింది చప్పట్లు.

13 సెప్టెంబరు

వాగు. కవచం బరువుకు చండిక మునిగిపోయింది. ఈత రావాలంటే ఒడుపు అయిదు ఉండాలట.

"స్వరూపా, ఇగ వచ్చే పాయింట్లు రెండు ఒడుపు మీద పెట్టరాదె" అంది షహనాజ్. మెల్లగా, నా భుజం మీద గడ్డం ఆనించి.

బలం మీదే పెట్టాను, ఆమె చూస్తుండగానే. కవచం విప్పేసి, ఒడ్డునే చుట్టూ తిరిగి, ముప్ఫయిమంది ఉన్న దారిన పోయాను. చచ్చాను. ఒళ్ళు మండిపోయింది.

16 సెప్టెంబరు

ఇవాళ సార్ నిద్ర మధ్యలో దిగివచ్చారు. మా ఆట సంగతి ఆయనకు తెలుసు, చూసీచూడనట్టు ఉంటారు. షహనాజ్ వంతు నడుస్తోంది. వెనక నిలబడి పావుగంట చూశారు. బుల్‌బుల్ నలుగురు కావలివాళ్ళ వెనక నుంచి, గోడ నీడలో, ఒక్క బాణం వెయ్యకుండా దాటిపోతోంది.

"దిమాక్ ఉన్నదమ్మా నీకు" అన్నారు.

రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. పాఠాల నోట్సు మొత్తం నా చేతిరాత. నా తలలో ఏమున్నదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. షహనాజ్ వచ్చి ఏడు నెలలు.

నా వంతు వచ్చేసరికి సార్ మేడమీదికి పోయారు. మంచిదే అయింది.

17 సెప్టెంబరు

రాజవ్వ ఉడకబెట్టిన శనగ గుడాలు తెచ్చింది, ఇద్దరికీ. రాజవ్వ సార్ వాళ్ళ అమ్మ. మద్దూరు నుంచి వచ్చి ఇక్కడే ఉంటోంది. సాయంత్రం అగరొత్తులు పట్టుకుని కిందికి దిగుతుంది, ప్రతి మిషన్‌కూ ఒకసారి తిప్పుతుంది. తెర మీద బొమ్మను చూసి, "గీ పిల్ల ఎవ్వలే, గట్ల ఒంగి ఒంగి నడుస్తుంది?" అని అడిగింది.

"నేనే అవ్వా" అంది షహనాజ్.

"జెర పైలం బిడ్డా" అని బుల్‌బుల్‌కు కూడా అగరొత్తి తిప్పింది.

చండిక వైపు ఎవరూ ఏదీ తిప్పలేదు. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

20 సెప్టెంబరు, శని

ఎవరికీ చెప్పనిది ఒకటి చేశాను. పొద్దున్నే, షహనాజ్ రాకముందు, కొత్త ఫ్లాపీలో కొత్త వీరురాలిని తయారు చేశాను. బలం మూడు, ఒడుపు ఎనిమిది, మాట ఏడు. అదే విల్లు, అదే కర్ర, అదే గుడ్డ. నక్కి నడవడం, తాళం తీయడం. అచ్చం బుల్‌బుల్. పేరు కూడా పెట్టలేదు, ఖాళీగా వదిలేశాను.

కావలివాడితో మాట్లాడాను. లవంగం ఇచ్చాను. తలుపు తెరుచుకుంది. హాయిగా అనిపించింది. రెండో తలుపు దగ్గర గోడ నీడలోకి పోయాను... కావలివాడు అటు తిరిగేదాకా ఆగాలి. ఆగలేకపోయాను. రెండడుగులు ముందే కదిలాను. చూశాడు. విల్లు తీసేలోపు పొడిచేశాడు.

ఆరుసార్లు. ఆరుసార్లూ అక్కడే. అంకెలు అన్నీ ఆమెవే, అడుగు మాత్రం నాది.

ఫ్లాపీ తుడిచేశాను. షహనాజ్ వచ్చి, "ఏంది, ఇయ్యాల జల్దీ వచ్చినవ్?" అంది. నోట్సు రాసుకోవాలని చెప్పాను.

23 సెప్టెంబరు

బుల్‌బుల్ అయిదో తలుపు. చండిక రెండో తలుపు.

సాయంత్రం బ్యాచ్ పిల్లలకు కూడా తెలిసిపోయింది. చంద్లాపూర్ నుంచి వచ్చే ఇద్దరు అమ్మాయిలు క్లాసుకు అరగంట ముందే వచ్చి, చెప్పులు బయట విడిచి, బల్లుల్లా గోడకు అంటుకుని చూస్తున్నారు. "షహనాజ్ మేడం ఎక్కడి దాకా పోయిన్రు?" అని నన్ను అడుగుతున్నారు. నన్ను.

27 సెప్టెంబరు, శని

సార్ చెప్పారు — గజ్వేల్‌లో బ్రాంచి తెరుస్తున్నారు. కలర్ మిషన్ అక్కడికి పోతుంది, దీపావళి అయిన మర్నాడు. ఇక్కడికి కొత్తది ఎప్పుడు వస్తుందో తెలియదు.

షహనాజ్ మొహం చిన్నబోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అయితది. దీపావళి లోపల ఏడు తలుపులూ అయితయి" అంది. తర్వాత నాతో మాత్రమే, చిన్నగా — "స్వరూపా, నేను ఒక్కదాన్నే ఏదన్న మొత్తం చేసి చూపెట్టింది లేదే ఇంతవరకు. డిగ్రీ సగంల ఆపిన్రు. కుట్టుపని అబ్బా చేతి కింద. గిదొక్కటి నాది కావాలె."

"అవుతుందిలే" అన్నాను. అయినప్పుడు నా మొహం ఎట్లా పెట్టుకోవాలో అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాను.

30 సెప్టెంబరు

ఆరో తలుపు. రెండో కాపీ పెట్టుకొమ్మని షహనాజ్‌కు ఇంకా చెప్పలేదు. మరిచిపోయి కాదు.

4 అక్టోబరు

చండికను చూడబుద్ధి కావడం లేదు. గొడ్డలి విరిగిపోయింది మొన్న. కొత్తది దొరకాలంటే మూడో తలుపు అవతల కమ్మరి దగ్గరికి పోవాలి. ఉత్త చేతులతో గుద్దుతూ ఉంది. పన్నెండు పాయింట్ల బలం. చిన్న కావలివాళ్ళు కూడా చుట్టూ చేరి పొడుస్తున్నారు.

షహనాజ్ తన వంతులోంచి ఇరవై నిమిషాలు నాకిచ్చింది. "నువ్వు వెనుక పడ్డవ్ గద, ఆడుకో" అని. తీసుకున్నాను. ఆమె ఇవ్వడం కూడా నాకు నచ్చలేదు.

9 అక్టోబరు, గురు

సద్దుల బతుకమ్మ. వాడకట్టులో ఆడి వచ్చాను, కాళ్ళు పీకుతున్నాయి. షహనాజ్ వాళ్ళ అమ్మీతో కలిసి చూడడానికి వచ్చింది. మలీద ముద్ద తింటూ, "ఏడో తలుపు ముంగట ఉన్నా. సోమవారం అయిపోతది" అంది.

అందరూ గుండ్రంగా తిరుగుతుంటే నా తలలో ఆ ఒక్క మాటే తిరిగింది.

10 అక్టోబరు, శుక్ర

ఇవాళ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయుధపూజ. రేపు దసరా సెలవు కదా, అందుకని సార్ ముందు రోజే పెట్టారు. పొద్దున హార్డ్ డిస్కులు అన్నీ తుడిచి శుభ్రం చేశారు. మిషన్లకు బంతిపూల దండలు. మానిటర్లకు, కీబోర్డులకు, ప్రింటరుకు, స్టెబిలైజరుకు కూడా బొట్లు. షహనాజ్ రాలేదు. జుమ్మా, పైగా వాళ్ళింట్లో పండగ బట్టలు కుట్టే పని మీద పని. ఫ్లాపీల పెట్టె బల్ల మీద ఉంది. అందులో నావి రెండు, ఆమెది ఒకటి, మిగతావి ఇన్‌స్టిట్యూట్‌వి.

రాజవ్వ పళ్ళెంలో పసుపూ కుంకుమా నీళ్ళతో తడిపి తెచ్చింది. "గివ్విటికి గూడ పెట్టాల్నా?" అని అడిగింది. సార్ బయట కొబ్బరికాయ కొట్టించుకుంటున్నారు.

"పెట్టాలె అవ్వా" అన్నాను.

ఒక్కొక్కటే తీసి ఇచ్చాను. పైన, చీటీ అంటించే చోట పెట్టింది. చీటీ మీద బొట్టు పెడితే ఏమీ కాదు. నావి ఇచ్చాను. పైనే పెట్టింది. తర్వాత ఆమెది తీశాను. నీలం రంగుది, మీద ఉర్దూలో రాసి ఉంటుంది.

ఫ్లాపీకి అంచున ఒక రేకు ఉంటుంది. జరిపితే లోపల నల్లటి పలుచని బిళ్ళ కనిపిస్తుంది. రాసిందంతా దాని మీదే. దాన్ని వేలితో ముట్టకూడదని మొదటి రోజు మొదటి పాఠంలో చెబుతాం. వందలమందికి చెప్పాను నేను.

రేకు జరిపి పట్టుకున్నాను. "దీనికి గీడ పెట్టాలె" అన్నాను. రాజవ్వ ఉంగరపు వేలు ముంచి పెట్టింది. పసుపు, దాని మీద కుంకుమ. నల్లటి బిళ్ళ మీద మెరిసింది. బిళ్ళను ఒక చుట్టు తిప్పి, రేకు వదిలేశాను. టప్‌మని మూసుకుంది.

గుండె దడదడలాడింది. భయంతో కాదు, సంతోషంతో. అబద్ధం రాయను ఇక్కడ.

11 అక్టోబరు, దసరా

సాయంత్రం షహనాజ్ వచ్చింది, ఇంటికి. ప్రతి ఏడూ వస్తారట వాళ్ళ అబ్బా మా వాడకట్టుకు, ఈసారి తనూ వచ్చింది. జమ్మి ఆకు నా చేతిలో పెట్టింది — "బంగారం తీస్కో" అని. అలాయ్ బలాయ్ ఇచ్చింది. గట్టిగా పట్టుకుంది. కొత్త చుడీదార్, తనే కుట్టుకుంది, అత్తరు వాసన.

"సోమవారం నువ్వు పక్కకే కూసోవాలె. ఆఖరి తలుపుకాడ ఇంగ్లీషు మస్తు ఉంటది" అంది.

అమ్మ సకినాలు పెట్టింది. నావి కూడా షహనాజ్ పళ్ళెంలోనే వేశాను.

13 అక్టోబరు, సోమ

ఒంటిగంటా అయిదు నిమిషాలకు ఫ్లాపీ పెట్టింది. మిషన్ గరగరమంది. మళ్ళీ పెట్టింది. గరగర. తెర మీద వచ్చింది నన్ను చదవమంది. చదివాను — "చదవలేకపోతున్నా" అంటోంది మిషన్.

తీసి రేకు జరిపి చూసింది. బిళ్ళ నిండా ఎర్రగా, పసుపుగా, చుట్టూ గీతలు.

"ఇదేంది స్వరూపా?"

"పూజ చేసిండ్రు గద, రాజవ్వ..." అన్నాను. అంతే అన్నాను. అది అబద్ధం కూడా కాదు, అందుకే అంత సులువుగా వచ్చింది.

షహనాజ్ తడి గుడ్డతో తుడిచింది, ఊదింది, ఫ్యాను కింద పెట్టింది. మళ్ళీ పెట్టింది. ఏడవలేదు. కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అట్లా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

సార్‌కు తెలిసింది. సాయంత్రం బ్యాచ్ అంతా ఉండగా రాజవ్వను కిందికి పిలిచారు. "లోపల ఎవ్వలు పెట్టుమన్నరు నిన్ను? చదువు రాదు, తెల్వది, అన్నిట్ల చెయ్యి పెడ్తవ్. ఆ పిల్ల నెలన్నర సంది చేసుకున్నది మట్టిగలిపినవ్" అన్నారు.

రాజవ్వ పైట కొంగు పట్టుకుని నిలబడింది. "నాకేం ఎర్క బిడ్డా. అన్నిటికి పెట్టినట్టే పెట్టిన" అంది. నా వైపు చూడలేదు.

నేను పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు తలవంచుకున్నాను.

14 అక్టోబరు

అందరూ షహనాజ్ చుట్టే. చంద్లాపూర్ అమ్మాయిలు జామకాయలు తెచ్చారు ఆమె కోసం. సార్ స్వయంగా టీ తెప్పించారు. ఓడినా ఆమె చుట్టే చేరతారా... ఈ మాట మనసులోకి వచ్చింది. వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకున్నా పోలేదు.

15 అక్టోబరు

రాజవ్వ అగరొత్తులు పట్టుకుని రాలేదు. సార్ వద్దన్నారట.

షహనాజ్ పైకి పోయి వచ్చింది. "అవ్వ నా చేతులు పట్టుకొని ఏడ్సింది. నేనే సముదాయించిన. ఆమెకేం తెలుసు, భక్తితోని పెట్టింది పాపం" అంది.

16 అక్టోబరు

మళ్ళీ మొదలుపెట్టింది. 'కఠినం'. బుల్‌బుల్, అదే పేరు. "ఈసారి మాటకు ఎనిమిది పెడ్తున్నా, ఒడుపుకు ఒకటి తగ్గిస్తున్నా, ఏమంటవ్?" అని అడిగింది. బాగుంటుందన్నాను. నిజంగానే బాగుంటుంది. రెండు కాపీలు పెట్టుకొమ్మని చెప్పాను. ఇప్పుడు.

దీపావళికి పద్నాలుగు రోజులు. నా వంతు కూడా ఆమెకే ఇచ్చేశాను. "వద్దు, నీది నువ్వు ఆడుకో" అంది. నాకు తలనొప్పి, తెర చూడలేనన్నాను. చండిక ఉత్త చేతులతో రెండో తలుపు దాటినచోటే నిలబడి ఉంది. అక్కడే ఉండనీ.

20 అక్టోబరు, సోమ

మూడో తలుపు. నాలుగు రోజుల్లో. దారులన్నీ తెలుసు ఇప్పుడు ఆమెకు, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో. చూస్తుంటే చేతులు అట్లా పోతున్నాయి. కుట్టుమిషన్ మీద గుడ్డ జరిపినట్టు.

ఇంత జరిగాక కూడా నాకు కుళ్ళే. సిగ్గుపడాల్సిన చోట కూడా ముందు అదే వస్తుంది, సిగ్గు తర్వాత వస్తుంది.

22 అక్టోబరు, బుధ

రాజవ్వ దగ్గరికి పోయాను. మెట్లు ఎక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగాను. వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. నేనూ కూర్చుని తుంచాను.

"అవ్వా, ఆ దినం..." అన్నాను.

"కండ్లు మంచిగనే కనవడ్తయి బిడ్డా నాకు" అంది. చేతులు ఆపలేదు. "అన్నిటికి మీద పెట్టిచ్చినవ్. ఆ ఒక్కదానికే రేకు జరిపినవ్. అప్పుడు తెల్వలె నాకు. నా కొడుకు తిడుతుంటె తెలిసింది."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలె?"

"చెప్తె నీ నౌకరి ఉండునా? నన్నైతె నా కొడుకు తిట్టి, మల్ల అన్నం తిన్నవా అని అడుగుతడు. నిన్నెవరడుగుతరు?" కాయలోంచి పురుగు తీసి పారేసింది. "ఎందుకు చేసినవే గట్ల? ఏమన్నదా పిల్ల నిన్ను?"

"ఏమనలె. ఓర్వలేక చేసిన."

బయటికి అనడం ఇదే మొదటిసారి. అని ఏడ్చాను. రాజవ్వ ఓదార్చలేదు, తిట్టలేదు. చిక్కుడుకాయల గిన్నె నా వైపు జరిపింది.

లేచేటప్పుడు మాత్రం అంది — "నాకు చెప్తె నాదేం పోయింది. నా మీద పడ్డది నేను మోస్తున్న. ఆమెకు చెప్పు."

23 అక్టోబరు

చెప్పలేదు. నాలుగో తలుపు.

25 అక్టోబరు, శని

చెప్పలేదు. చెబితే ఏం జరుగుతుందో అన్నీ ఊహించాను. అరుస్తుంది. లేదా అరవదు. సార్‌కు చెబుతుంది. లేదా చెప్పదు, నాతో మాట్లాడ్డం మానేస్తుంది. అన్నిటికంటే భయం ఏమిటంటే — పోనీలే అంటుంది. అప్పుడు మంచితనంలో కూడా నాకంటే ముందే ఉంటుంది.

ఇది చదివితే రాజవ్వ ఏమంటుందో. ఆమెకు చదువు రాకపోవడమే నయం.

27 అక్టోబరు, సోమ

మిషన్ శుక్రవారం పోతుంది. సార్ అట్టపెట్టెలు తెచ్చి మూలన పెట్టారు.

అయిదో తలుపు దాటి ఆరో దాని ముందర ఉంది షహనాజ్. నేను పక్కనే, ఇంగ్లీషు చదువుతూ. ఒంటిగంటన్నర. పరదాలు వేసి ఉన్నాయి. మేమిద్దరమే. ఇంతకంటే మంచి సమయం దొరకదని తెలుసు.

"షహనాజ్, నీకొక మాట చెప్పాలె" అన్నాను.

"ఆగు, పైన కావలోడు తిరుగుతుండు. కదిలితె చూస్తడు."

ఆగాను. ఆపినందుకు హాయిగా ఉంది నాకు. కావలివాడు గోడ మీద ఇటు నుంచి అటు నడిచాడు. షహనాజ్ ఊపిరి బిగబట్టింది, వేలు కీ మీద ఉంచి, నొక్కకుండా. వాడు అటు తిరిగాడు. ఆమె కదిలింది. నీడలోంచి నీడలోకి.

"ఆఁ, ఇగ చెప్పు. ఏంది?" అంది, కళ్ళు తెర మీదే ఉంచి.

"విల్లు తీగ అరిగింది. మార్చుకో" అన్నాను.

"అరె, అవ్. చూస్కోనే లేదు." మార్చుకుంది. తలుపు దగ్గరి ఇద్దరినీ రెండే బాణాలతో పడేసింది. తలుపు తెరుచుకుంది. నా మోకాలు మీద చరిచి, "నువ్వు లేకుంటె సచ్చేదాన్ని" అంది.

ఇంకా ఒక్క తలుపు ఉంది. రేపు చెబుతాను, ఆమె ఆట మొదలుపెట్టకముందే... లేకపోతే ఎల్లుండి, అది కూడా దాటాక.